గోడకన్నా ముందు హద్దురాయి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. మా హాల్లో స్విచ్‌బోర్డుకు జానెడు పైన గోడ మీద ఒక గోధుమరంగు గీత ఉంది. 2024 సెప్టెంబర్ 1న వచ్చిన నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలబడితే పడిన గీత అది. రెండుసార్లు రంగు వేయించాం, మళ్లీ తేలింది. ఇక వదిలేశాం.

ఈ ఉత్తరం పరిహారం కోసం కాదు, బుడమేరు కోసం.

మా పిల్లలు దాన్ని మురుగు కాలువ అంటారు. వాళ్లు చూసింది అదే మరి: గుర్రపు డెక్క, దాని కింద నల్లటి నీళ్లు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు దాకా పోయే ఏరు అది. వెలగలేరు దగ్గర వరదను డైవర్షన్ ఛానెల్‌లోకి మళ్లించి కృష్ణలో కలుపుతున్నారు కదా, ఇక దిగువకు రాదులే అని ఊరంతా నమ్మింది. ఆ నమ్మకం మీదే ప్లాట్లు పడ్డాయి, రిజిస్ట్రేషన్లు అయ్యాయి, కరెంటు మీటర్లూ వచ్చాయి.

ఆ ఛానెల్ కృష్ణలో కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. ఆ వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులోకి పోలేవు, వెనక్కి ఎగదన్నుతాయి. గట్లకు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. నీళ్లు పాత దారినే వచ్చాయి. దారిలో మా వంటిల్లు ఉంది.

ఇప్పుడు ఎవర్ని అడిగినా బుడమేరు వెంట గోడ కట్టాలంటున్నారు. కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంకను గోడే కాపాడింది, కాదనను. కానీ మా వీధుల వాన నీళ్లు పోవాల్సింది బుడమేరులోకే. అడ్డంగా గోడ లేస్తే అవి ఎటు పోవాలి?

ముందు హద్దు తేల్చండి. పాత రెవెన్యూ పటాలు బయటికి తీసి, జనం చూస్తుండగా కొలిచి రాళ్లు పాతించండి. ఏరు హద్దు మా ఇంటికి ఎంత దూరమో చెప్పమని ఒక ఆఫీసుకెళ్తే పక్క ఆఫీసుకు పంపారు. వాళ్లు మళ్లీ మొదటి చోటికే పంపారు. మా ఇల్లే లోపల పడితే? ఆ టెన్షన్ నాకూ ఉంది. అయినా తేలాల్సిందే. పేదవాళ్లకు మాత్రం ముందు ఇల్లు చూపించి, ఆ తర్వాతే జేసీబీ పంపండి.

మురుగును శుద్ధి చేయకుండా వదిలినన్నాళ్లు పూడిక తీతకు పెట్టే డబ్బు దండగ. గుర్రపు డెక్కకు ఆ మురుగే ఎరువు. తీసినదాన్ని గట్టు మీదే పోస్తే మొదటి వానకు మళ్లీ ఏట్లోకే జారుతుంది.

ఇంకొకటి. ఇక్కడ వెడల్పు చేసి నీళ్లను గబగబా కిందికి తోసేస్తే మేం బయటపడతాం, కొల్లేరు లంక గ్రామాలు మునుగుతాయి. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. దాన్ని బాగుచేసే పని కూడా ఇదే పథకంలో పెట్టండి.

రాళ్లు పాతే రోజు ఒక మాట చెప్పించండి. మా వీధివాళ్లం వస్తాం, టేపు ఒక కొస మేమే పట్టుకుంటాం.

ఇట్లు,
సింగ్‌నగర్ వాసి