రెండో ఆపరేషన్‌కి తొందరపడకు

ప్రియ మిత్రుడికి,

డొప్ప చెవుల్ని తలకి దగ్గరగా తెచ్చే ఆపరేషన్ నీకు సరిగ్గా కుదరలేదన్న ఉత్తరం చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. "వచ్చే నెలలోనే మళ్ళీ కోయించుకుని ఈ చెవులు సరిచేయించుకుంటా" అని రాశావే, ఆ ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. నేనూ ఆ బాధ పడి, రెండో ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. చేయించుకోవద్దని కాదు, ఇప్పుడే వద్దు.

చీము పట్టినా, ఒక పక్క నొప్పి ఎక్కువై చెవి ఉబ్బినా, చర్మం నల్లబడినా ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. నీకు అవేవీ లేవు, ఆకారం నచ్చలేదు, అంతే. ఆకారం కోసమైతే సర్జన్లు మామూలుగా కనీసం 6 నెలలు, చాలాసార్లు ఏడాది దాకా ఆగమంటారు. వాపు పూర్తిగా తగ్గాలి, లోపలి మచ్చ మెత్తబడాలి. చెవిలోని మృదులాస్థికి, అంటే చెవికి ఆకారమిచ్చే వంగే మెత్తటి ఎముకకి, సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైన అంటుకుని ఉండే సన్నని పొర నుంచే దానికి పోషణ అందాలి. ఆ పొరని మొదటిసారి ఎలాగూ కదిపారు. గట్టిపడిన మచ్చలోకి తొందరపడి మళ్ళీ కత్తి పెడితే అసలుకే మోసం వస్తుంది.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. చెవి మధ్యభాగం తలకి అతుక్కుపోయింది, పైభాగం, తమ్మె మాత్రం బయటికే ఉన్నాయి. దీన్ని డాక్టర్లు 'టెలిఫోన్ చెవి' అంటారు, ఎదురుగా చూస్తే పాతకాలం ఫోన్ రిసీవర్‌లా కనిపిస్తుందని. మధ్యలో ఎక్కువ బిగించి, పైనా కిందా పట్టించుకోకపోతే ఇలా అవుతుంది. దీనికి దారి ఉంది: మధ్యలో బిగుతు సడలించి, పైభాగాన్నీ తమ్మెనీ లోపలికి తెస్తారు. సహజంగా చెవి అంచుకీ తలకీ మధ్య సుమారు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. మరీ తలకి అంటుకుపోయినట్టు ఉండటం మంచి చెవికి గుర్తు కాదు.

నాదైతే వేరే గోల. మృదులాస్థిని కోసి మడత తెచ్చారు, దాంతో మెత్తగా వంపు తిరగాల్సిన చోట పదునైన గట్టులా నిలబడింది, వేలితో తడిమితే తెలిసేది. వెనక సందే లేక కళ్ళజోడు కాడ నిలవక జారిపోయేది, మాస్కు తాడు కూడా అంతే. అద్దంలో కనిపించే వంకర కంటే ఆ కాడ జారడమే నన్ను ఎక్కువ ఏడిపించింది. రెండోసారి మచ్చ విడదీసి, ఆ గట్టుని అరగదీసి, పైన కణజాలపు పల్చని పొర కప్పారు. మొదటి దానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. మృదులాస్థి తక్కువైన వాళ్ళకి చెవి గిన్నె (చెవి రంధ్రం దగ్గరి గుంట) నుంచో, పక్కటెముక నుంచో ముక్క తీసి అతుకుతారట. వెనక చర్మం చాలకపోతే చర్మమూ అతకాలి.

నీకు వేసినవి ముస్టార్డే కుట్లు అని రాశావు. 1963లో ముస్టార్డే అనే సర్జన్ ప్రచురించిన పద్ధతి అది. మృదులాస్థిని కోయకుండా, వెనకనుంచి కరగని దారంతో లాగి మడత తెస్తారు. నీ చెవి వెనక చేతికి తగులుతున్న గింజ బహుశా ఆ ముడే. గిల్లకురా దాన్ని. అది చర్మం చీల్చుకుని బయటికి వస్తే తీసేయడం చిన్న పనే, కానీ అది డాక్టర్ చేయాలి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే ఉంది. మొదటి ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్సు తెచ్చుకో. మృదులాస్థి కోశారా, ఏ దారం వాడారు, చర్మం ఎంత తీశారు అనేవి అందులో ఉంటాయి. అవి లేకుండా రెండో సర్జన్ గుడ్డిగా లోపలికి వెళ్ళాలి. ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటోలు కూడా కావాలి. సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు పుట్టుకతో చెవి లేని పిల్లలకి కొత్త చెవి తయారుచేసే వాళ్ళని వెతుకు, చెవిని మళ్ళీ కట్టడం వాళ్ళకి రోజూ చేసే పని. "పూర్తిగా మునుపటిలా చేసేస్తా" అని మొదటి మాటలోనే చెప్పేవాణ్ణి నమ్మకు. రెండు చెవులూ అచ్చంగా ఒకేలా ఎవరికీ ఉండవు. మచ్చ ఉబ్బి కీలాయిడ్‌లా, అంటే గాయం హద్దు దాటి గట్టిగా, పెరుగుతుంటే ముందే చెప్పు. దాన్ని ఊరికే కోసేస్తే చాలాసార్లు ఇంకా పెద్దదై మళ్ళీ వస్తుంది, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా అవసరం పడతాయి.

"ఉన్న చెవులు బాగానే ఉండేవిగా, ఎందుకు చేయించుకున్నావ్" అని ఇంట్లో వాళ్ళు అంటున్నారని రాశావు. ఆ మాటకి నాకు కోపమొచ్చింది. చిన్నప్పటి నుంచి డొప్ప చెవులని వెక్కిరింపులు పడ్డవాడికే ఆ బాధ తెలుస్తుంది. నువ్వు కోరుకున్నదాంట్లో తప్పేమీ లేదు. జుట్టు పెంచి కప్పుకుంటున్నావు కదా, కొన్నాళ్ళు అలాగే ఉండనీ, కానీ ఫొటోల్లోంచి తప్పుకోవడం మాత్రం మానెయ్.

నోట్సు చేతికి రాగానే నాకు పంపు. డాక్టర్‌ని అడగాల్సినవన్నీ కలిసి రాసుకుందాం. అపాయింట్‌మెంట్ దొరికితే తేదీ చెప్పు, నీతో పాటు నేనూ వస్తాను. ఇద్దరం వింటే ఒకరు మర్చిపోయింది ఇంకొకరికి గుర్తుంటుంది.

ఇట్లు,
నీ స్నేహితుడు