బాధ సాధనకు షరతు కాదు

సంపాదకులకు నమస్కారం.

కష్టాలు వస్తేనే మనిషి భగవంతుని వైపు తిరుగుతాడని, వేదన పడనిదే ఆత్మ పక్వం కాదని ప్రవచనాల్లోనూ ఆధ్యాత్మిక శీర్షికల్లోనూ తరచుగా వింటున్నాం, చదువుతున్నాం. అలా తిరిగినవారు లేకపోలేదు. కాని దానిని అందరికీ వర్తించే నియమంగా బోధించడాన్ని నేను అంగీకరించలేను.

గీత ఏడవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు తనను సేవించేవారిని ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నాలుగు విధాలుగా చెప్పాడు. కష్టంలో మొరపెట్టుకునే ఆర్తుడు వారిలో ఒకడు మాత్రమే. విశిష్టుడని చెప్పింది జ్ఞానిని. పదిహేడవ అధ్యాయంలోనైతే శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో శరీరాన్ని హింసించుకునేవారిని అవివేకులన్నాడు, ఆ హింస లోపలున్న తనకే తగులుతుందన్నాడు. భాగవతంలో కుంతీదేవి మాకు ఎల్లప్పుడూ ఆపదలే రానిమ్మని వేడుకుంది కదా అని కొందరు అడుగుతారు. లక్క ఇంటి నుంచి కురుక్షేత్రం దాకా ప్రతి ఆపదలోనూ దైవం అండను కళ్లారా చూసిన తల్లి తనవారి కోసం కోరుకున్న మాట అది. పొరుగింటి రోగికి చేసిన ఉపదేశం కాదు.

మా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి లోకానికి తెలిపారు. రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. నడుము వంగిపోయి, మెడ తిప్పలేని పెద్దలను నేను చిన్నతనం నుంచి చూస్తూనే ఉన్నాను. వారిలో పరమ భక్తులున్నారు, దేవుణ్ణి తలవనివారూ ఉన్నారు. ఆ నొప్పి వల్ల మనసు కుదుటపడినవారు నాకు కనిపించలేదు. రాత్రిళ్లు నిద్రలేక, ధ్యానానికి కాదు కదా, పూజకు కూర్చోవడానికైనా మోకాళ్లు మడవలేక అలసిపోయినవారే కనిపించారు. ఇది పూర్వజన్మ కర్మ, దేవుడు పెట్టిన పరీక్ష అని వారితో అనడం ఓదార్పు కాదు, మంచినీళ్లు కావాలని అడిగే హక్కును కూడా వారి చేత మరిపించడమే.

తన దుఃఖానికి ఒక అర్థం వెతుక్కునే స్వేచ్ఛ బాధపడే మనిషికి ఉంది, అలా ఎదిగినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ అర్థాన్ని బయటివారు నిర్ణయించకూడదు. ప్రవచనకర్తలు, ఆధ్యాత్మిక శీర్షికల రచయితలు రోగుల ముందు కర్మ ప్రస్తావన తెచ్చే ముందు వారికి మందులు, శుద్ధమైన నీరు అందుతున్నాయో లేదో విచారించాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దర్శి, ప్రకాశం జిల్లా