తెరచాప పట్టడం కూడా నేర్పించండి

సంపాదకులకు,

నడిసంద్రంలో ఇంజిన్ ఆగితే మా కళింగపట్నం కుర్రాళ్లు ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటున్నారు. బోటులో తెరచాప ఉంచుకోరా అంటే, "గాలి ఎటు తోస్తే అటే కదా తాతా" అంటారు. కాదు. సూటిగా ఎదురెళ్లలేం గానీ, అడుగున పలక దింపే పడవైతే గాలికి సుమారు 45 డిగ్రీల వాలులో, అటోసారి ఇటోసారి మళ్లుతూ ఎదురుగాలిలోనూ ఒడ్డుకు రావచ్చు.

మొదట చాపను లాగి పట్టే తాడు వదలాలి. చాప కట్టిన నిలువు కొయ్య వైపు అంచు టపటపలాడుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా లాగి, అక్కడితో ఆపాలి. ఇంకా లాగితే జోరు పెరుగుతుందనుకుంటారు; పడవ ఒరుగుతుందే తప్ప ముందుకు పోదు. చాపకు రెండు వైపులా ఊలు పోగులు కట్టి చూడండి. గాలి తగలని వైపు పోగు గింగిరాలు తిరిగితే ఎక్కువ లాగేసినట్టే.

సన్నగాలికి చాప కింది అంచు కాస్త వదిలి పొట్ట పెంచాలి. మధ్యాహ్నం గాలి గట్టిపడితే అదే అంచు బిగించి చదును చేయాలి. ఇంకా హోరెత్తేలా ఉంటే, అలలు లేవకముందే కింది భాగం మడిచి కట్టేయాలి. లేచాక ముడి వేయడం మా తరానికే కష్టం, వీళ్లకెక్కడ!

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. కుర్రాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఆ రోజుల్లో వంశధార మొగ దగ్గర, నీళ్లు నిలకడగా ఉన్న చోట, మత్స్యశాఖ వారు ఈ శిక్షణ పెట్టించాలని మనవి.

– ఒక పాత మత్స్యకారుడు, కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా