రాయబారం రిహార్సల్స్ కబుర్లు

తెనాలి

ప్రియమైన బావా,

మొన్న ఫోన్లో నాటకం ఎంతవరకు వచ్చిందని అడిగావు. నువ్వేమో ఆఫీసులో ఉన్నావు, నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఈసారి శ్రీరామనవమి పందిట్లో శ్రీకృష్ణ రాయబారం వేస్తున్నాం. నేను ధర్మరాజు వేస్తూ దర్శకత్వం కూడా చూస్తున్నాను. మనవాళ్లంతా ఉద్యోగాలు, వ్యాపారాలు ఉన్నవాళ్లే కదా. దుర్యోధనుడు బ్యాంకు నుంచి రావాలి, అర్జునుడు మందుల షాపు కట్టేసి రావాలి, కర్ణుడికి స్కూల్లో పదో తరగతి పరీక్షల డ్యూటీ. రాత్రి తొమ్మిది దాటితే గానీ అందరూ ఒకచోట చేరరు. చేరాక గంటన్నరకే ఒక్కొక్కరి ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి.

మొదటి టెన్షన్ టైముతోనే వచ్చింది. మన చిన్నప్పుడు పది గంటలకి తెర లేస్తే తెల్లారేదాకా నాటకం నడిచేది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వచ్చు. ఆ రూలు తప్పని నేననను. పందిరి చుట్టూ ఉన్నవి ఇళ్లే, పరీక్షలు రాసే పిల్లలున్నారు. కానీ రాత్రంతా ఆడే నాటకాన్ని మూడు గంటలకి కుదించాలంటే ఎవరి పద్యం కొయ్యాలి? ఈ పద్యాలు రాసింది తిరుపతి వేంకట కవులు, వాటిలో తీసెయ్యదగ్గది ఏదో నువ్వే చెప్పు. ముందు నా ధర్మరాజు పద్యాలు సగం తీసేశాను. అప్పుడు గానీ మిగతావాళ్లు తమ పద్యాల మీద పెన్ను పెట్టనివ్వలేదు.

కృష్ణులు ముగ్గురు. పడక సీనుకి ఒకరు, ద్రౌపది సీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు. కృష్ణుడి వేషానికి పేరుమోసిన పాత నటుల్లో ఒకాయనది పీసపాటి బాణీ, ఇంకొకాయనది షణ్ముఖి బాణీ. మూడో అబ్బాయి ఇరవై రెండేళ్లవాడు, ఇంజినీరింగ్ అయిపోయింది, గొంతు బంగారం. వాడు పద్యాలన్నీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాత రికార్డుల్లో విని పట్టాడు. రాగం అచ్చం దిగిపోయింది. అయితే "జెండాపై కపిరాజు" ఎత్తుకుని "ముందు సిత" దగ్గర ఊపిరి తీసుకుని, ఆ తర్వాత "వాజి" అంటున్నాడు. సితవాజి అంటే తెల్లగుర్రం, అర్జునుడి గుర్రాలు కాస్తా రెండు ముక్కలైపోతున్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచాను. ఇది శార్దూలం అనే వృత్తం, పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, "జె"కి "జి" ఇక్కడ కలుస్తుంది, ఆ మాట పూర్తయ్యేదాకా ఊపిరి ఆపుకో అని వేలు పెట్టి చూపించాను. మర్నాడు పాడాడు బావా! గుర్రాలు, రథం, వెనకాల గాండీవం, వరసగా కళ్లముందుకి వచ్చేశాయి. హార్మోనియం మాస్టారు కూడా తలెత్తి చూశారు.

మాస్టారి సంగతి విడిగా చెప్పాలి. ద్రౌపది సీను కృష్ణుడి శ్రుతి, అంటే గొంతు పాడే స్థాయి, రెండున్నర, ద్రౌపది వేసే ఆవిడది ఐదున్నర. ఒకరి పద్యం అయ్యీ అవగానే రెండోవాళ్లది అందుకోవాలి. కీబోర్డు అయితే బటన్ నొక్కి శ్రుతి మార్చేస్తారు. ఈయనది పాత లెగ్ హార్మోనియం, కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయిస్తారు. శ్రుతి మారితే వేళ్లన్నీ కొత్త మెట్ల మీదికి వెళ్లాలి. వచనం నడుస్తుండగానే రాబోయే శ్రుతిని సన్నగా అందిస్తారు, పాడేవాళ్లు వెతుక్కోకుండా దొరకబుచ్చుకుంటారు. ఆయనకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నేర్చుకుంటామని ఒక్కరూ రాలేదు. ఆయన రాని రోజు రిహార్సలే జరగదు. నన్నడిగితే మన నాటక సమాజానికి డబ్బు కన్నా పెద్ద లోటు ఇదే.

ద్రౌపది ఆర్టిస్టు నాలుగు ఊళ్ల సమాజాలకి వేషాలు వేసే మనిషి. మనతో ఒక్క పూట కూర్చునే వీలే ఉంది ఆవిడకి. నవమి సీజన్లో రోజూ ప్రయాణమే, తప్పు పట్టలేం. అదే రోజుకి ఇంకో ఊరు కూడా పిలిచిందని తెలిసి రెండు రోజులు నిద్ర పట్టలేదు, చివరికి మనకే మాటిచ్చారు. 1921లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేసే ఆయన రాకపోతే స్థానం నరసింహారావు గారు అప్పటికప్పుడు ఆ వేషం కట్టారట. తర్వాత 1956లో పద్మశ్రీ దాకా వెళ్లారు. అలాంటి మహానుభావుడు మనకెక్కడ దొరుకుతాడు, ఆవిడ వస్తే చాలు.

డ్రెస్సులు, కిరీటాలు అద్దెకి మాట్లాడాను. దర్బారు తెర దొరికింది, అంతఃపురం తెర ఇంకా చూడాలి. చందాలు పర్వాలేదు. చదివింపులు మాత్రం సీను మధ్యలో మైకులో చదవొద్దని కమిటీ పెద్దల్ని బతిమాలాను. కృష్ణుడు సంధి మాట్లాడుతుంటే ఆపి నూటపదహార్లు ఎవరిచ్చారో చెబితే, మళ్లీ ఆ సభలోకి ప్రేక్షకుణ్ణి ఎలా తీసుకెళ్తాం? సీనుకీ సీనుకీ మధ్య చదువుకోండి అన్నాను, ఒప్పుకున్నారు. వన్స్ మోర్ల మీద మాత్రం తేలలేదు. అడిగితే పాడకపోవడం అగౌరవమని పెద్దాయన వాదన, పాడితే పన్నెండు దాటుతుందని నా గోల.

ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాయి బావా. నా బెంగంతా పడక సీను గురించి. కృష్ణుడు దొంగనిద్రలో ఉండాలి, తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. పడుకుంటే కిరీటం జారుతుందని కృష్ణుడు మెడ బిగబట్టుకుంటున్నాడు, నిద్రపోతున్న మనిషిలా లేడు. అర్జునుడు పద్యం ఎత్తుకోగానే దుర్యోధనుడు సెల్‌ఫోన్ తీస్తున్నాడు. ఎవరి పద్యం వాళ్లకి కరతలామలకం, పక్కవాడి పద్యం వినే అలవాటే ఎవరికీ లేదు. అర్జునుడు పాడుతున్నంతసేపూ దుర్యోధనుడి మొహంలో "నేను ముందొచ్చాను" అన్న అసహనం కనపడకపోతే, కృష్ణుడు కళ్లు తెరిచి ముందు అర్జునుణ్ణి చూడటంలో పస ఏముంటుంది? నిన్న ఒక పని చేశాను. దుర్యోధనుడి చేత అర్జునుడి పద్యాలు, అర్జునుడి చేత దుర్యోధనుడివి పాడించాను. ముందు విసుక్కున్నారు. కాసేపయ్యాక అర్జునుడి పద్యంలో ఎక్కడ తనకి కోపం రావాలో బ్యాంకాయనే చెప్పాడు. ఈ రాత్రి మళ్లీ అదే చేయిస్తాను.

నువ్వు ఇక్కడున్నప్పుడు వికర్ణుడు వేసేవాడివి, ఆ నాలుగు మాటలూ ఇంకా నోటికి ఉన్నాయా? వేషం ఖాళీగానే ఉంచాను. ఒక్క ఆదివారం రిహార్సల్‌కి, నవమి రోజు నాటకానికి వస్తే చాలు. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు మాస్టారికి మోకాళ్లకి పెట్టుకునే పట్టీలు మంచివి రెండు తీసుకురా, ఇక్కడ దొరికినవి జారిపోతున్నాయట. చెల్లాయికి, పిల్లలకి నా ఆశీస్సులు. టికెట్ బుక్ చెయ్యగానే ఫోన్ చెయ్యి.

నీ
బావ