గుడ్డిపాముకు కాస్త మట్టి మిగల్చండి

సంపాదకులు గారికి,

మొన్న మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి మా అపార్టుమెంటు కింది ఇంటి స్నానాలగదిలోంచి ఒకటే కేకలు. వెళ్లి చూస్తే తూము పక్కన నల్లని బూటు లేసు ముక్కలాంటిది మెలికలు తిరుగుతోంది. వాచ్‌మన్ అప్పటికే ఫినాయిల్ సీసా మూత తీశాడు. "చెవిలో దూరుతుందట" అని పక్కింటావిడ గుమ్మం దాటి రాలేదు. చేతిలోకి తీసుకున్నాను. తోక చివరి చిన్న ముల్లుతో అరచేతిని పొడిచింది. చర్మం మీద గీత కూడా పడలేదు. అదే దాని ఆయుధమంతా!

అది గుడ్డిపాము. విషం లేదు, జానెడు పొడవైనా ఉండదు. వానపాము ఒంటినిండా ఉంగరాల్లాంటి గీతలు, జిగురు ఉంటాయి. దీని ఒళ్లు పొడిగా, నున్నగా మెరుస్తుంది. ఓపికగా చూస్తే నాలుక కూడా చాపుతుంది. కళ్లు పొలుసుల కింద రెండు చుక్కలు, అంతే. తిండి చీమల, చెదల గుడ్లు, పిల్లపురుగులు. చెదలమందుకు వేలు పోసే మనమే దీనిమీద ఫినాయిల్ పోస్తున్నాం.

వీటిలో తెలిసినంతవరకు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, కొత్త దేశంలో సంసారం మొదలవుతుంది. అలా హవాయి దాకా పాకిన ఈ జీవికి 1803లో శాస్త్రీయనామం పెట్టింది మన విశాఖపట్నం పామును బట్టే. అంతకుముందు 1796లో దాని బొమ్మ అచ్చువేయించిన, మన పాములను అధ్యయనం చేసిన స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రసెల్, స్థానికులు చెప్పిన 'రెండు తలల పాము' అనే పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

ఇంతకీ ఆ రాత్రి దాన్ని ఎక్కడ వదలాలో తోచలేదు. మా ఆవరణంతా పలకరాళ్లే. చివరికి మా తులసికుండీలో వదిలాను.

అసలు గోడు ఇదే. మా కాలనీ సంఘం వీధిచెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోయించింది. పార్కులో రాలిన ఆకులను ఊడ్చి తగలబెడుతున్నారు. మిగిలిన మట్టిజాగాలోనూ టైల్స్ పరచాలని వచ్చే సమావేశంలో తీర్మానిస్తారట. నగరంలో ఇలాంటి కాలనీలకు కొదవలేదు. పార్కుల పనులకు అనుమతి ఇచ్చే అధికారులు రెండు షరతులు పెట్టాలి: ప్రతి చెట్టు చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదలాలి, ఎండుటాకులను తగలబెట్టకుండా ఒక మూల గుంటలో వేయాలి. మా సమావేశంలో నేనూ ఇదే అడగబోతున్నాను.

— ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్