అర సెకను ఆలస్యం, ఇంకా కొన్ని విశేషాలు

ఫిబ్రవరి, 2025

ప్రియమైన సుధాకర్,

పేపర్లో కృత్రిమ మేధ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు, మీ సాఫ్ట్‌వేర్ లోకంలో వేరే కబుర్లు లేవా అని అడిగావు. ఉన్నాయి. ముందు ఆ హోరు సంగతి తేల్చేస్తాను. చైనాలో తక్కువ ఖర్చుతో తయారైన డీప్‌సీక్ అనే కృత్రిమ మేధ దెబ్బకు జనవరి 27న, ఆ మేధకు కావలసిన చిప్‌లు చేసే ఎన్‌విడియా షేరు ఒక్కరోజులో 17 శాతం కూలింది. దాదాపు 60 వేల కోట్ల డాలర్లు గాలిలో కలిశాయి. మర్నాడే కొంత లేచింది. పడినా లేచినా మన ఇద్దరికీ షేర్లు లేవు, వదిలెయ్.

నాకు నచ్చిన కథ పోయిన మార్చి నాటిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేస్తాడు. ఏదో వేగం కొలుచుకుంటూ ఉంటే, లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం) నడిచే మెషీన్‌లోకి దూరం నుంచి లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని తోచింది. మనమైతే నెట్ నెమ్మదించిందనుకుని టీకి లేచేవాళ్లం. అతను కూర్చుని తవ్వాడు. తవ్వితే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడులో, ఒక దొంగదారి బయటపడింది. ఫైళ్లను కుదించడానికి లినక్స్ అంతటా వాడేది అది. పరీక్షల కోసం ఉంచిన ఫైళ్లలో ఆ కోడును దాచారు. తాళంచెవి ఉన్నవాడు అది చేరిన ఏ సర్వర్‌లోకైనా చొరబడగలడు!

దొంగదారి కంటే, అది పెట్టిన తీరు నన్ను కలవరపెట్టింది. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండ్‌కు చెందిన లాసె కాలిన్ ఒక్కడే. జీతం లేదు, ఖాళీ వేళల్లో చేసే పని. 2022లో కొందరు ఊరూ పేరూ తెలియనివాళ్లు అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయని అతన్ని దెప్పడం మొదలుపెట్టారు. మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బు రాని పని అని పాపం అతను చెప్పుకున్నాడు. అయినా వాళ్లు వదలలేదు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు వినయంగా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, చివరికి అధికారం చేజిక్కించుకున్నారు. రెండేళ్లకు పైగా ఓపిక పట్టారు! ఆ పేరు వెనక ఎవరున్నారో నేటికీ తేలలేదు. మార్చి 29న ఫ్రాయిండ్ బయటపెట్టేనాటికి అది ఎక్కువగా డెబియన్, ఫెడొరా అనే లినక్స్ రకాల ప్రయోగ దశ వెర్షన్లలోనే చేరింది. కోట్ల డాలర్ల కంపెనీలన్నీ ఉచితంగా వాడుకున్న పనికి, చేసినవాడి మంచిచెడ్డలు ఎవరూ విచారించకపోవడం నాకు మింగుడుపడలేదు.

పోయిన జులై 19 నాటి క్రౌడ్‌స్ట్రైక్ గొడవ నీకూ తెలిసే ఉంటుంది. కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. వాళ్ల అప్‌డేట్‌లో 21 అంశాలుంటే, చదివే ప్రోగ్రాం 20కే సిద్ధమై ఉంది. అంతే, 85 లక్షల విండోస్ మెషీన్లు నీలిరంగు తెరతో పడకేశాయి. ఆ అప్‌డేట్‌ను గంటన్నరలోపే వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడినవాటిని చాలాచోట్ల ఒక్కొక్కటిగా చేత్తో లేపాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ పెన్నుతో రాసిచ్చారు.

మీ పిల్లలకు చెప్పాల్సింది మాత్రం అగ్నికుల్ సంగతి. చెన్నైకి చెందిన ఈ స్టార్టప్ పోయిన మే 30న మీ పక్కనే, శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది. ఇంజిన్‌ను అతుకుల్లేకుండా ఒకే ముక్కగా త్రీడీ ప్రింటర్‌లో తయారుచేశారు. అంతకు ముందు కొన్నిసార్లు చివరి క్షణాల్లో ఆపేశారు. ఇటు మన హైదరాబాద్ స్టార్టప్ స్కైరూట్ వాళ్లు 2022లో విక్రమ్-ఎస్ రాకెట్‌ను 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపాక, విక్రమ్-1 పనిలో పడ్డారు. ఈసారి ఇస్రో వాళ్లు ప్రయోగం చూసే గ్యాలరీకి రిజిస్ట్రేషన్ తెరవగానే నీ బడి పిల్లలతో పాటు నా పేరూ రాయించు. రాత్రి బస్సుకు వచ్చేస్తాను, చెల్లెమ్మను ఇబ్బంది పెట్టవద్దు, టిఫిన్ నాయుడుపేటలోనే చేసి వస్తాను.

నీ
మురళి