వదినకి, డాక్టరమ్మకి, ఇంకొందరికి

నిన్న సాయంత్రం నా రొమ్ము ఆపరేషన్ రిపోర్టు చేతికొచ్చింది. పాలనాళంలో పాపిలోమా, అంటే పులిపిరిలాంటి చిన్న గడ్డ. కేన్సర్ కణాలు లేవు. అందుకే థాంక్స్ చెబుతూ ఈ నాలుగు ముక్కలు.

ముందుగా మా వదినకి. బట్టలు నానబెడుతూ నా బ్రాలో ఎడమవైపు కందిగింజంత గోధుమరంగు మరక చూసి ఏంటిది అంది. తుప్పు మరక అన్నాను. అప్పటికి మూడు వారాలుగా ఎడమ చనుమొన నుంచి చుక్కలు కారుతున్నాయి, ఆ మరకని సబ్బుతో రుద్ది దాస్తున్నాను మరి. మొదట చూపించుకున్న చోట "హార్మోన్లే" అని విటమిన్ మాత్రలు రాశారు. హమ్మయ్య అనుకుని ఇంటికొస్తే, "చెయ్యి పెట్టి చూడకుండానే చెప్పేశారా?" అని వదిన ఇంకో డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆ డాక్టరమ్మ ముందు ప్రశ్నలే అడిగారు. దానంతటదే వస్తోందా, నొక్కితేనా? ఒకవైపేనా? ఏ మందులు వాడుతున్నారు? రోజూ నొక్కి చూసుకుంటున్నానని ఒప్పుకుంటే, అలా నొక్కితే ఇంకా వస్తుంది, మానేయండి అన్నారు. తర్వాత చనుమొన చుట్టూ గడియారం ముల్లులా వేలు జరుపుతూ నాలుగు గంటల దగ్గర ఆగారు. ఒకే ఒక్క రంధ్రం నుంచి చుక్క. తెల్లగుడ్డ మీద అద్దితే ఎర్రగా కనిపించింది.

రెండువైపులా, నొక్కితేనే, పాలలానో ఆకుపచ్చగానో వస్తే చాలావరకు భయం లేదట. (నా స్నేహితురాలికి రెండువైపులా పాలు వచ్చింది వాంతులకి వాడే డోంపెరిడోన్ మాత్రల వల్ల. డాక్టరు ఆపించాక తగ్గింది.) ఒకేవైపు, ఒకే రంధ్రం నుంచి, దానంతటదే రక్తంలానో నీళ్లలానో వస్తే మాత్రం కారణం తేల్చాల్సిందేనట. అందులోనూ ఎక్కువసార్లు తేలేది పాపిలోమానే అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, ఏమీ కనపడలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే! అల్ట్రాసౌండ్ డాక్టరుగారు చనుమొన వెనకాల ఓపిగ్గా వెతికి, ఉబ్బిన నాళంలో 6 మిల్లీమీటర్ల గడ్డ పట్టుకున్నారు. సూది పరీక్షప్పుడు నా చెయ్యి వదలని నర్సమ్మకి కూడా దండం.

ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్లు అస్సలు నొక్కొద్దన్నారు. ఆ రోజు చుక్క వస్తేనే ఏ నాళమో తెలుస్తుందట. అందులోకి సన్నటి తీగ పంపి, ఆ ఒక్క నాళాన్నే తీశారు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున చిన్న కోత, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

"తుప్పు మరకట!" అని వదిన ఇంకా దెప్పుతూనే ఉంది. దెప్పనీ.